వరంగల్‌కు కొత్తగా వచ్చారా? కూలర్ పెట్టే ముందు ఇవి చూసుకోండి

విశాఖ, కాకినాడ ఉక్కపోతకు అలవాటైనవాళ్లకు ఇక్కడి ఎండ కొత్త. ఏప్రిల్, మే నెలల్లో పొడి వడగాలి. చెమట ఇట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు తగ్గుతున్నట్టే తెలియదు. దాహం వేయకున్నా మజ్జిగ తాగుతుండాలి.

ఈ పొడిగాలికి కూలర్ బాగా పనిచేస్తుంది. కానీ:

– ఇనుప బాడీ అయితే మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి, సాకెట్‌కు ఎర్తింగ్ వస్తుందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయాలి. తడి చేతులతో, వట్టి కాళ్లతో ముట్టుకోవద్దు. ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త.
– కూలర్ పక్కల్లో నీళ్లతో తడిసే పాత గడ్డి మార్చండి.
– కిటికీ బయట పెట్టి, ఎదురు తలుపు ఓరగా తీయండి. అన్నీ మూస్తే ఉక్కపోతే!
– వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, రుద్ది ఆరబెట్టండి. డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది.

జూన్‌లో వానలు మొదలయ్యాక కూలర్ గాలితో ఒళ్లంతా జిడ్డే, ఫ్యాన్ నయం.