బొమ్మ ఉంది, మాట లేదు: టెర్మినల్‌లో ఆడియో, వీడియో సమస్యలు - పరిష్కారాలు

ఫైల్ ప్లే అవ్వట్లేదనగానే ముందుగా చేసే పని ఏదో ఒక కన్వర్టర్ వెతుక్కోవడం. చాలాసార్లు అది అనవసరం. మూడు గంటల పెళ్లి వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయాలంటే పాత ల్యాప్‌టాప్ రాత్రంతా మూలుగుతుంది, పైగా క్వాలిటీ ఎంతో కొంత పోతుంది. అసలు రోగం ఎక్కడుందో చూస్తే పది ఫైళ్లలో చాలావాటికి ఆ శ్రమే అక్కర్లేదు.

కావాల్సినవి రెండే. ఫైళ్లు మార్చడానికి 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్, చూడ్డానికి ఎంపీవీ. ఉబుంటులో రెండూ ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ కమాండ్‌తో దిగుతాయి. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అనేది ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటే వస్తుంది. కింద కమాండ్లను తెలుగు అక్షరాల్లో రాశాను. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, గీతలూ కోలన్లూ ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి.

ఏ సమస్యకైనా మొదటి అడుగు ఇదే:

ఎఫ్ఎఫ్‌ప్రోబ్ -హైడ్_బ్యానర్ పెళ్లి.ఎంకేవీ

ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి క్యారేజీ లాంటివి. బయటి నుంచి చూస్తే లోపలి గిన్నెల్లో ఏముందో తెలీదు. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ మూతలు తీసి చూపిస్తుంది: ఒక స్ట్రీమ్‌లో వీడియో హెచ్264, ఇంకోదాంట్లో ఆడియో ఏసీ3, మూడోది సబ్‌టైటిల్స్, ఇలా. కింది సమస్యల్లో చాలావాటికి జవాబు ఆ నాలుగైదు లైన్లలోనే ఉంటుంది.

"కంప్యూటర్‌లో బాగానే ఉంది, టీవీలో పెడితే బొమ్మ వస్తోంది గానీ మాట రావట్లేదు"

ఆడియో లైన్లో డీటీఎస్ అనో, ఏసీ3 అనో ఆడియో రకం పేరు కనిపిస్తుంది. చాలా టీవీలు, ముఖ్యంగా డీటీఎస్ విషయంలో, చేతులెత్తేస్తాయి. వీడియోని ముట్టుకోకుండా ఆడియో ఒక్కటే మారిస్తే చాలు:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఐ పెళ్లి.ఎంకేవీ -మ్యాప్ 0 -సి కాపీ -సి:ఏ ఏఏసీ -బి:ఏ 192కె కొత్తది.ఎంకేవీ

బొమ్మ కాపీ అవుతుంది కాబట్టి పని నిమిషాల్లో తేలిపోతుంది. ఇందులో "మ్యాప్ 0" వదిలేయకండి. అది లేకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఒక వీడియో, ఒక ఆడియో, ఒక సబ్‌టైటిల్ ట్రాక్ మాత్రమే ఏరుకుని మిగతావి వదిలేస్తుంది. తెలుగు ట్రాక్ రెండోదైతే అదే పోవచ్చు.

"మాట వినిపిస్తోంది, తెర నల్లగా ఉంది"

ఇది పైదానికి తిరగేసిన కథ. వీడియో లైన్లో హెచ్ఈవీసీ (హెచ్264 తర్వాత వచ్చిన వీడియో రకం) అని ఉంటే, లేదా పిక్సెల్ ఫార్మాట్ చివర "10ఎల్ఈ" (అంటే 10 బిట్ల రంగు) అని ఉంటే పాత టీవీలకీ, పాత ఫోన్లకీ అది మింగుడు పడదు. ఇక్కడ మాత్రం మళ్లీ ఎన్‌కోడ్ చేయక తప్పదు:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఐ పాతది.ఎంకేవీ -సి:వి లిబ్ఎక్స్264 -సీఆర్ఎఫ్ 20 -పిక్స్_ఎఫ్ఎంటీ వైయూవీ420పీ -సి:ఏ ఏఏసీ కొత్తది.ఎంపీ4

సీఆర్ఎఫ్ అంకె తగ్గేకొద్దీ నాణ్యత, ఫైల్ సైజు రెండూ పెరుగుతాయి. ఎక్స్264కి మామూలుగా ఉండేది 23. పెళ్లి వీడియోలకి 20 పెడతాను, సీసీటీవీ క్లిప్పుకి 26 అయినా ఎవరూ అడగరు. బొమ్మ కొలతలు తగ్గిస్తుంటే "హైట్ నాట్ డివిజిబుల్ బై 2" అని ఆగిపోవచ్చు. కొలతలు మార్చే స్కేల్ ఫిల్టర్‌లో ఎత్తుకి మైనస్ 1 బదులు మైనస్ 2 అని రాస్తే సరిసంఖ్య అదే చూసుకుంటుంది.

"మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్"

ఈ ఎర్రర్ చూస్తే గుండె జారుతుంది, జారాలి కూడా. సింహాచలం చందనోత్సవానికి వెళ్లి ఫోన్‌లో తీస్తూనే ఉన్నారు, ఎండకి ఫోన్ వేడెక్కి ఆరిపోయింది. లేదా రికార్డింగ్ మధ్యలో కరెంటు పోయింది. గిగాబైట్ల ఫైల్ ఉంటుంది, ప్లే అవ్వదు.

కారణమేమిటంటే, ఎంపీ4లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టిక పేరు మూవ్. రికార్డింగ్ ఆపు అని నొక్కాక, ఫోన్ ఆఖర్న రాస్తుంది దాన్ని. ఆపకముందే పరికరం ఆరిపోతే బొమ్మ, మాట డేటా లోపలే ఉంటుంది, పట్టిక ఉండదు. కాబట్టి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి ఎన్ని ఆప్షన్లు ఇచ్చినా లాభం లేదు.

అన్‌ట్రంక్ అనే టూల్ దీనికోసమే ఉంది. అదే ఫోన్‌తో, అదే సెట్టింగులో తీసిన మంచి వీడియో ఒకటి దానికి నమూనాగా ఇవ్వాలి. ఆ ఫోన్ ఇంకా మీ చేతిలోనే ఉంటే ఇప్పుడే ఒక నిమిషం వీడియో తీసి ఇచ్చినా చాలు:

అన్‌ట్రంక్ మంచిది.ఎంపీ4 పాడైంది.ఎంపీ4

ఆ పనికి ముందు ఒక్క సంగతి చూడండి. ఫైల్ మీ దగ్గరికి పూర్తిగా వచ్చిందా? పెన్‌డ్రైవ్ ఎజెక్ట్ చేయకుండా లాగేసినా ఇదే ఎర్రర్ వస్తుంది. అసలు ఫోన్‌లో ఫైల్ సైజు ఎంతో కనుక్కుని బైట్లతో సహా పోల్చుకుంటే తేలిపోతుంది. ఇక కంప్యూటర్ మీద ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేసేవాళ్లు నేరుగా ఎంపీ4 పెట్టుకోవద్దు. ఎంకేవీలో తీసి, అయ్యాక "-సి కాపీ"తో ఎంపీ4కి మార్చుకోండి. కరెంటు పోయినా అప్పటిదాకా తీసింది దక్కుతుంది.

"ఇయర్‌ఫోన్స్‌లో వినిపిస్తోంది, ఫోన్ స్పీకర్‌లో మాట మాయం"

నాకు ఇష్టమైన సమస్య ఇది, ఎందుకంటే ఎవరూ నమ్మరు. సభలో హరికథ. మైకు మిక్సర్ నుంచి వైరు లాగి కెమెరాకి ఇచ్చారు. హెడ్‌ఫోన్స్‌లో గొంతు ఖంగుమంటోంది. అదే ఫైల్ వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకి ఫోన్‌లో ఏమీ వినిపించదు.

మిక్సర్ బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో రెండు తీగల మీద ఒకే శబ్దం వెళ్తుంది, ఒకదాంట్లో తిరగేసి. దాన్ని స్టీరియో ఇన్‌పుట్‌కి గుచ్చితే ఎడమ చానల్లో మామూలుది, కుడి చానల్లో తిరగేసింది పడతాయి. ఒక్క స్పీకరున్న ఫోన్ రెండింటినీ కలుపుతుంది. ఒకటి పైకి, ఇంకోటి కిందికి, కలిస్తే సున్నా.

నిర్ధారించుకోవడానికి ఎంపీవీకి "--ఆడియో-చానల్స్=మోనో" అని చేర్చి వినండి. మాట పోయిందా, రోగం దొరికినట్టే. ఇక్కడ "-ఏసీ 1" పెట్టి మోనో చేయడం అన్నిటికంటే చెడ్డ సలహా, అదే కలపడం మళ్లీ జరుగుతుంది, ఈసారి శాశ్వతంగా. ఎడమ చానల్ ఒక్కటే తీసుకోవాలి:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఐ హరికథ.ఎంపీ4 -సి:వి కాపీ -ఏఎఫ్ "పాన్=మోనో|సి0=సి0" -సి:ఏ ఏఏసీ మంచిది.ఎంపీ4

మధ్యలో ఆ నిలువు గీత ఉంది చూశారా, దాని కోసమే కోట్స్. కోట్స్ వదిలేస్తే షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు చదివే ప్రోగ్రామ్) ఆ గీతని రెండు కమాండ్లని కలిపే పైపు అనుకుంటుంది, తర్వాత వచ్చే "-సి:ఏ"ని కమాండ్ అనుకుని "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది. కాలర్ మైకుతో తీస్తే ఒక చెవిలోనే వినిపించే వీడియోలకీ ఇదే మందు. మాట కుడివైపు ఉంటే చివర సి1 అని రాయాలి.

"పెదాలు ఒక దారి, మాట ఒక దారి"

ముందు ఒకటి తేల్చుకోండి: తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా?

ఒకేలా ఉంటే సులువు. ఎంపీవీలో చూస్తూ కంట్రోల్ ప్లస్, కంట్రోల్ మైనస్ నొక్కండి. ఒక్కో నొక్కుకి మాట సెకనులో పదో వంతు జరుగుతుంది, అంకె తెర మీద కనిపిస్తుంది. కుదిరిన చోట ఆ అంకెని సెకన్లలోకి మార్చి ఇక్కడ పెట్టండి:

ఎఫ్ఎఫ్ఎంపెగ్ -ఐ వీ.ఎంపీ4 -ఐటీఎస్‌ఆఫ్‌సెట్ 0.4 -ఐ వీ.ఎంపీ4 -మ్యాప్ 0:వి -మ్యాప్ 1:ఏ -సి కాపీ సరి.ఎంపీ4

ఫైల్ పేరు రెండుసార్లు రావడం పొరపాటు కాదు. బొమ్మ మొదటిదాంట్లోంచి, మాట జరిపిన రెండోదాంట్లోంచి తీసుకుంటున్నాం.

పెరుగుతూ పోతోందంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫోన్ వీడియో దగ్గర తడబడింది. ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేమ్ రేటు మారుస్తుంటాయి. ఎడిటింగ్‌కి ముందే "-ఆర్ 30 -ఎఫ్‌పీఎస్_మోడ్ సీఎఫ్ఆర్" పెట్టి ఒకే రేటుకి తెచ్చుకోవాలి. పాత వెర్షన్లలో రెండో ఆప్షన్ పేరు వీసింక్.

"ఆర్కే బీచ్‌లో తీశాం, గాలి హోరు తప్ప ఏం లేదు"

హోరులో ఎక్కువ భాగం కింది స్థాయి శబ్దమే. "-ఏఎఫ్ హైపాస్=ఎఫ్=120" పెడితే మాట కొంత తేలుతుంది. గాలి దెబ్బకి మైకు పగిలిపోయినట్టు పట్టిన చోట ఏ ఫిల్టరూ పనిచేయదు. ఈసారి మైకుకి స్పాంజి తొడగండి.

"ఏ ఫైలూ వినిపించట్లేదు"

అయితే తప్పు ఫైల్‌ది కాదు. "ఎంపీవీ --ఆడియో-డివైస్=హెల్ప్" అంటే జాబితా వస్తుంది. శబ్దం హెచ్‌డీఎంఐకి వెళ్లిపోతూ ఉండొచ్చు. జాబితా బాగానే ఉండి ఒక స్పీకరే మోగుతుంటే జాక్ తీసి చూడండి. పెదవాల్తేరు, భీమిలి వైపు ఇళ్లలో ఉప్పుగాలికి అది పచ్చగా చిలుము పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరి.

"ముక్క కోస్తే మొదట్లో బొమ్మ బిగుసుకుపోయింది"

కాపీ చేస్తూ కోస్తే కోత కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేమ్) దగ్గరే పడుతుంది. రెండు మూడు సెకన్లు ముందు నుంచి కోసుకోండి, లేదా ఆ చిన్న ముక్కని మళ్లీ ఎన్‌కోడ్ చేయండి.

"ఫోల్డర్ మొత్తానికి లూప్ పెట్టాను, ఒక్కటే అయింది"

వైల్ రీడ్ లూప్‌లో ఇది ఖాయం. ఎఫ్ఎఫ్ఎంపెగ్ కీబోర్డు వైపు చెవి పెట్టి ఉంటుంది, లూప్ కోసం ఉన్న ఫైల్ పేర్లు తనకే అనుకుని లాగేసుకుంటుంది. మిగిలిన పేర్లు మొదటి అక్షరాలు ఊడిపోయి వస్తాయి, "నో సచ్ ఫైల్" అని వరసగా ఎర్రర్లు పడతాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ పక్కనే "-నోఎస్‌టీడీఇన్" అని చేర్చండి. పేర్లలో ఖాళీలుంటే వేరియబుల్ చుట్టూ కోట్స్ పెట్టండి. తెలుగులో ఉన్న ఫైల్ పేర్లతో మాత్రం లైనక్స్‌కి ఏ పేచీ లేదు.