కుక్క పోయాక రెస్క్యూకి వెళ్దామనుకుంటే
బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్ళకి ఒక మాట. పెంచుకున్న కుక్క పోయి, మనసు ఊరుకోక రెస్క్యూ వాళ్ళతో (దిక్కులేని, దెబ్బతిన్న కుక్కల్ని కాపాడేవాళ్ళతో) పనిచేద్దామనుకుంటే ముందు మీరు రేబిస్ టీకా వేయించుకోండి. కరవకముందే వేసుకునేది మూడు డోసులు: మొదటి రోజు, 7వ రోజు, తర్వాత 21 లేదా 28వ రోజు. అది పూర్తయ్యేదాకా గిన్నెలు కడగడం, అన్నం వండటం లాంటి పనులే అడిగి తీసుకోండి. టీకా ఉన్నా సరే, కరిస్తే సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

మీ కుక్క పార్వోతో (కుక్కలకి వాంతులు, విరేచనాలు తెచ్చే అంటు వైరస్ జబ్బు) పోయుంటే మాత్రం దాని పక్కగుడ్డ, పళ్ళగాట్లు పడ్డ తోలు బెల్టు ప్రేమకొద్దీ పట్టుకెళ్ళి అక్కడ ఇచ్చేయకండి, ఆ వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కి లొంగదు, టీకా పడని కూనలకి అంటితే ప్రాణాల మీదకొస్తుంది. స్టీలు గిన్నెనైతే బాగా తోమి, బ్లీచింగ్ నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి ఇవ్వొచ్చు.

మొదట్లో ముసలి కుక్కల దగ్గర పని అడగండి. కూనల దగ్గరైతే, అచ్చం మీదానిలాంటిది కనబడితే ఆ రోజే ఇంటికి తెచ్చేస్తారు (నన్నడిగితే అది తొందరే). తెలుగు, ఒడియా రెండూ వచ్చా? అయితే ఫలానా చోట కుక్కకి బాగాలేదని వచ్చే ఫోన్లు ఎత్తే పని తీసుకోండి. ఏ వీధి, ఏ గుడి పక్కన, లేచి నడుస్తోందా, నోట్లో నురగ ఉందా అని ఓపిగ్గా కనుక్కునేవాళ్ళే దొరకరు.