ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి అరకుకు: బయలుదేరే ముందు కారును సిద్ధం చేయడం ఎలా?

మే నెల, ఐదుగురు మనుషులు, నిండుగా డిక్కీ. హైదరాబాద్ నుంచి విజయవాడ, విశాఖ మీదుగా అరకు అంటే ఒకవైపే 700 కిలోమీటర్లు దాటుతుంది. కాలిపోయే హైవే మీద గంటల తరబడి పరుగు, టోల్‌గేటు దగ్గర ఏసీ ఆపకుండా నిలబడటం, ఆఖర్న అనంతగిరి ఘాట్. రోజూ ఆఫీసుకు పది కిలోమీటర్లు ఏ పేచీ లేకుండా తిరిగే బండి లోపాలు ఇలాంటి దారిలోనే బయటపడతాయి.

1. సర్వీసింగ్ పది రోజుల ముందే

రేపు ప్రయాణం అనగా ఇవాళ బండిని షెడ్డుకు తీసుకెళ్లడం చాలామంది చేసే పొరపాటు. ఆయిల్ ఫిల్టర్ సరిగా కూర్చోకపోయినా, రేడియేటర్ గొట్టం క్లిప్పు వదులుగా ఉండిపోయినా ఆ రోజే తెలియదు. కనీసం వంద కిలోమీటర్లు తిరగాలి. అందుకే పది రోజుల ముందు సర్వీసింగ్ చేయించి, ఊళ్లోనే మామూలుగా తిప్పండి.

ఒక రాత్రి ఇంజిన్ కింద పాత అట్టపెట్టె పరిచి పెట్టండి. పొద్దున చూస్తే బండి ఆరోగ్యం ఆ అట్ట మీదే ఉంటుంది. నల్లటి జిడ్డు మరక ఇంజిన్ ఆయిల్‌ది. ఆకుపచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. చక్రం పక్కన పలచగా, జారుడుగా ఉంటే బ్రేక్ ఆయిల్ కావచ్చు, ఆ బండిని మెకానిక్ చూసేదాకా కదపకండి. రంగూ జిడ్డూ లేని నీళ్లయితే ఏసీవి, వదిలేయండి.

2. టైర్లు

సగం సమయం వీటికే కేటాయించినా తప్పు లేదు. టైరు పక్కగోడ మీద డాట్ అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో మే నెల హైవే ఎక్కవద్దు. రబ్బరు గట్టిపడి, పక్కగోడ మీద సన్నటి పగుళ్లు మొదలై ఉంటాయి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు పని అయిపోయినట్టే. గాడుల మధ్య చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి, టైరు వాటి మట్టానికి అరిగిందంటే ఆ హద్దుకు చేరినట్టు. పక్కగోడ ఎక్కడైనా బొబ్బలా ఉబ్బితే లోపలి దారాలు తెగాయని అర్థం. దానికి పంచర్ పని లేదు, మార్చడమే.

అరుగుదల తీరు కూడా కథ చెబుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో తిప్పారు. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువ. ఒకే పక్క అరిగితే అలైన్‌మెంట్ పోయింది. 80 దాటగానే స్టీరింగ్ వణికితే మాత్రం ముందు బ్యాలెన్సింగ్ చూపించండి.

ఎంత గాలి పెట్టాలో పంచర్ షాపు వాళ్లను అడగకండి. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో నిండు లోడుకు వేరే అంకె ఇస్తారు. ఐదుగురు, సామాను ఉంటే ఆ అంకే పెట్టాలి. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. చల్లగా 33 పీఎస్ఐ ఉన్నది గంట పరుగు తర్వాత 36, 37 చూపిస్తుంది. అది మామూలే, భయపడి గాలి తీయకండి. ఎండల్లో టైరు పేలడానికి పెద్ద కారణం గాలి తక్కువ ఉండటం. పక్కగోడ అతిగా వంగి, ఆ వంగుడుకే కాగిపోతుంది. నైట్రోజన్ దొరకలేదని కూడా బెంగ వద్దు, మామూలు గాలిలో 78 శాతం అదే.

3. కూలెంట్, ఇంజిన్ ఆయిల్

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే ఎవరో ఉత్త నీళ్లు పోస్తూ వచ్చారు, మొత్తం తీయించి కొత్తది పోయించండి. చిక్కటి రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. కలిపి అమ్మే రకంలో మళ్లీ నీళ్లు కలపకూడదు. తర్వాత ఏసీ వేసి, బండిని నిలబెట్టి పది నిమిషాలు ఇంజిన్ నడపండి. రేడియేటర్ ఫ్యాను తిరిగిన చప్పుడు వినపడాలి. ఫ్యాను పాడైనా హైవే మీద ఎదురుగాలి కాపాడుతుంది, టోల్‌గేటు క్యూలో ఇంజిన్ మరిగిపోతుంది.

చాలా చిన్న కార్లలో వేడి చూపించే ముల్లు లేదు, ఎర్ర దీపమే. అది వెలిగితే వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. అరగంటైనా ఆగకుండా రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

ఇంజిన్ ఆయిల్‌ను సమతలం మీద, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు చూడాలి. ఆయిల్ మట్టం చూసే కడ్డీని ఒకసారి తుడిచి, మళ్లీ ముంచి తీయండి. పై గీత దాటించి పోయడం వల్ల లాభం లేదు, నురగ కట్టి ఇంజిన్‌కే చేటు.

4. బ్రేకులు, బ్యాటరీ

ప్యాడ్ల మందం 3 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మార్పించండి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లయితే, చూడటానికి బాగున్నా, మార్చేయాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాట్ దిగేటప్పుడు ఆ తేమ ఆవిరై బుడగలు కడితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఊళ్లో ఈ లోపం ఎప్పుడూ కనపడదు.

రాత్రంతా ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే 14 అటూ ఇటూ. నాలుగేళ్లు దాటి, పొద్దున సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతుంటే ఊళ్లోనే మార్చుకోండి. వైపర్లు, లైట్లు చూడటం రెండు నిమిషాల పని. బ్రేక్ లైట్లకు వెనక గోడ మీద వెలుగు చూస్తే సరి.

5. స్టెప్నీ ఒకసారి మార్చి చూడండి

స్టెప్నీలో గాలి ఉందో లేదో చాలామంది రోడ్డు మీదే తెలుసుకుంటారు. అంతకంటే పెద్ద చిక్కు నట్లు. షాపుల్లో గాలి గన్నుతో బిగిస్తారు కాబట్టి కారులో ఇచ్చిన పొట్టి పానాకు కదలవు. ఇంటి దగ్గరే ఒక్కో చక్రానికి ఒక్కో నట్టు వదులు చేసి మళ్లీ బిగించి చూడండి. రాకపోతే పొడుగు పిడి పానా కొనాలి. నట్లను చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి, తర్వాతే జాకీ ఎత్తాలి. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించండి. అలాయ్ చక్రాలకు దొంగతనం జరగకుండా వేసే తాళం నట్లుంటే వాటి తాళం పానా డిక్కీలోనే ఉండాలి, ఇంట్లో బీరువాలో కాదు. ఎర్ర త్రికోణం, టార్చి, గాలి పంపు కూడా సామాను కింద పడకుండా పైనే పెట్టుకోండి.

6. కాగితాలు, ఫాస్టాగ్

ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం డిజీలాకర్‌లో ఉంటే చాలు, కానీ సిగ్నల్ లేని చోటుకు ఫోన్‌లో దించుకోండి. ఫాస్టాగ్ పనిచేయకపోతే మామూలు టోల్ కంటే ఎక్కువ కట్టాలి. బ్యాలెన్స్‌తో పాటు కేవైసీ కూడా ముందే చూసుకోండి. హైవే మీద బండి ఆగితే 1033, దెబ్బలు తగిలితే 108.

7. ఘాట్ దిగేటప్పుడు

ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, సాధారణంగా రెండోది. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగుల్చుకోవాలనుకుంటే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. కాలిన వాసన వస్తే వెడల్పాటి చోట ఆపి, చక్రాల కింద రాయి పెట్టి, ఇరవై నిమిషాలు వదిలేయండి. కాగిన డిస్కు మీద నీళ్లు పోయకండి, వంకర పోతుంది.