మాటల్లేని పేజీ దగ్గర కాసేపు ఆగండి

చిన్న మాంగా (జపాన్ బొమ్మల కథ) కదా అని బస్సులో అరగంటలో లాగించేస్తుంటాం. తత్సుకి ఫుజిమోతో అనే ఆయన గీసిన ‘లుక్ బ్యాక్’ (2021) నేనూ అలాగే చదివేశాను. 140 పేజీలు దాటుతుందంతే. కథ తెలిసింది కానీ బొమ్మలు సరిగా చూడనే లేదని రెండోసారి చదివినప్పుడు అర్థమైంది.

అందుకే రెండోసారి మాటలు వదిలేసి బొమ్మలే చూడండి. ఫుజినో అనే అమ్మాయి బల్ల ముందు కూర్చుని గీస్తూ ఉంటుంది. మనకు కనిపించేది వీపే. అదే భంగిమ మళ్లీ మళ్లీ వస్తుంది. పేజీ తిప్పేయకుండా కిటికీ వైపు చూడండి, ఋతువు మారిపోయి ఉంటుంది. తనకన్నా బాగా గీసే క్యోమోతో అనే అమ్మాయిని చూసి పుట్టిన అసూయ, పంతం అన్నీ ఆ వీపులోనే ఉన్నాయి.

ఇక వాన ఘట్టం. క్యోమోతో నోరారా పొగిడితే, ఎదురుగా ఏమీ పట్టనట్టు నిలబడ్డ ఫుజినో, ఒంటరిగా ఇంటికి వెళ్తూ ఎలా నడుస్తుందో చూడండి. అది నడకా, గంతులా? నాకైతే మొత్తం పుస్తకంలో ఇదే ఇష్టం.

ఫోన్‌లో చదివేవాళ్లు అడ్డంగా తిప్పి రెండు పేజీలూ కలిపి చూస్తే మేలు, పెద్ద బొమ్మ సగానికి తెగదు. బొమ్మల గళ్లు కుడి నుంచి ఎడమకు చదవాలి, మర్చిపోకండి. 2024లో వచ్చిన సినిమా గంట లోపే ఉంటుంది, దాన్ని మాత్రం పుస్తకం అయ్యాకే పెట్టుకోండి.