సైకిల్ రైడ్ పెట్టినా పాత వీధుల్లో చలనం లేదా? సమస్యలు, పరిష్కారాలు

ఒడిశాలోని మన బరంపురంలో సైకిల్ రైడ్ అంటే చాలు, అందరి నోటా గోపాల్‌పూరే. పదిహేను కిలోమీటర్లు, సముద్రం, ఫొటోలు, బాగానే ఉంటుంది, కానీ పెద్ద బజారు వెనక తాళాలు పడ్డ ఇళ్లున్న సందులకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ సందుల్లోకే జనాన్ని మళ్లీ రప్పించాలని రైడ్ పెట్టి, ఫలితం కనబడక తల పట్టుకున్నవాళ్ల కోసం ఇది.

సమస్య: వీధిలో వాళ్లు గుమ్మంలో నిలబడి చూస్తారు, ఒక్కరూ కలవరు.

కారణం: హెల్మెట్లు, గేర్ సైకిళ్లు, మెరిసే టీషర్టులు. పెళ్లివారి బస్సును చూసినట్టు చూసి లోపలికి పోతారు. పైగా మీరు పెట్టింది పొద్దున్న ఆరింటికి, అప్పుడు ఇంట్లో ఆడవాళ్లకి నీళ్లు పట్టుకునే టైము.

పరిష్కారం: సాయంత్రానికి మార్చండి. కరపత్రం తెలుగులోనూ ఒడియాలోనూ వేయండి, ఇంట్లో మాట తెలుగైనా పిల్లల బడి చదువు ఒడియాలోనే కదా. ఇక సైకిల్ లేదనే మాట పూర్తిగా నమ్మకండి. తొమ్మిదో తరగతి పిల్లలకి ఒడిశా సర్కారు ఇచ్చిన సైకిళ్లు చాలా ఇళ్లలో మెట్ల కింద గాలి దిగిపోయి పడి ఉంటాయి. రైడ్‌కి గంట ముందు ఆ వీధి సైకిల్ షాపాయన్నే పిలిచి మొదలుపెట్టే చోట కూర్చోబెట్టండి. ట్యూబు బయటికి లాగి, నీళ్ల బేసిన్‌లో ముంచి, బుడగలొచ్చే చోట వేలు పెట్టి పట్టుకుంటాడు చూడండి, ఆ కాసేపట్లోనే చుట్టూ పిల్లలు మూగుతారు, పిల్లల వెనకే తల్లులు. డబ్బు మాత్రం నిర్వాహకులే ఇవ్వాలి, "సేవ చెయ్యి బాబాయ్" అని అడగడం అన్యాయం.

సమస్య: బయటివాళ్లు ఆ వీధుల్లోకి రావడానికి భయపడతారు.

కారణం: చాలావరకు అలవాటు లేకపోవడమే. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాతరకి ఊరు ఊరంతా రాత్రిళ్లు దేశిబెహరా వీధికి నడిచి వస్తుంది, అప్పుడు లేని భయం మిగతా రోజుల్లో ఎందుకో!

పరిష్కారం: ముందు వరసలో ఆ వీధి కుర్రాణ్నే పెట్టండి. వేగం గంటకి పది, పన్నెండు కిలోమీటర్లు దాటకూడదు. అమెరికాలో డెట్రాయిట్ జనాభా 1950లో 18 లక్షల పైన, 2020కి 6.4 లక్షలకి పడిపోయింది. అక్కడ 2010లో మొదలైన స్లో రోల్ అనే సోమవారం సాయంత్రపు రైడ్ చేసింది ఇదే, మెల్లగా వెళ్లడం, దారులు మార్చుతూ జనం చూడని పేటలు చూపించడం.

సమస్య: రైడ్ అయిపోయిన మర్నాడు వీధి మళ్లీ మామూలే.

కారణం: ఆగకుండా వెళ్లిపోయారు. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే.

పరిష్కారం: దిగండి. రెండు చోట్ల చాలు, కానీ చెరో అరగంట. ఒకటి టిఫిన్ బండి దగ్గర, ముందురోజే చెప్పి ఉంచితే పిండి ఎక్కువ రుబ్బుకుంటారు. రెండోది మగ్గం ఉన్న ఇల్లు. బరంపురం పట్టుకి, గుడి గోపురాల వరసలా ఉండే ఆ ఫొడా కుంభ అంచుకి జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే) గుర్తింపు ఉంది, అయినా నేసేవాళ్ల ఇంటి గుమ్మం తొక్కినవాళ్లు మన ఊళ్లోనే తక్కువ. మగ్గం మీద చెయ్యి వేయొద్దని పిల్లలకి ముందే చెప్పండి, ఒక్క పోగు తెగినా వాళ్ల పని ఆగుతుంది. కొనేవాళ్లు అక్కడే ధర అడిగి కొనొచ్చు, బేరమాడితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. దారిలో కనబడిన మూత లేని కాలువ, వెలగని లైటు ఫొటో తీసి, స్తంభం నంబరు రాసి, వీధివాళ్ల సంతకాలతో వార్డు కార్పొరేటర్‌కి ఇవ్వండి. అంతమంది కలిసి అడిగితే తప్పించుకోవడం కష్టం.

సమస్య: కూడలిలో గుంపు రెండు ముక్కలవుతుంది, ఆటోవాళ్లతో గొడవ.

పరిష్కారం: చివర ఒక పెద్దమనిషి, కూడలికొకరు ఈల పట్టుకుని. పోలీస్ స్టేషన్‌కి ముందే కాగితం ఇవ్వండి.

సమస్య: మూడోసారికే జనం సగమయ్యారు.

కారణం: తేదీ వారం వారం మారుతోంది, లేదంటే వాట్సాప్‌లో తప్ప ఎక్కడా చెప్పడం లేదు.

పరిష్కారం: కొలంబియా రాజధాని బొగొటాలో 1974లో మొదలై, ఏళ్లుగా ఆదివారమంటే కొన్ని గంటలు పెద్ద రోడ్లు సైకిళ్లవే, అందుకే అక్కడ ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. మనకి నెలకోసారి చాలు, రెండో ఆదివారమంటే రెండో ఆదివారమే. వానొస్తే పదిమందితోనైనా వెళ్లండి, టిఫిన్ బండి ఆవిడ పిండి రుబ్బుకుని కూర్చుని ఉంటుంది.