బుస్కెట్స్‌లా ఆడాలంటే: బంతి కాలికి తగలకముందే చేయాల్సిన పని

స్పెయిన్ ఫుట్‌బాల్ జట్టులో డిఫెన్స్‌కు ముందు నిలబడి ఆట నడిపిన మిడ్‌ఫీల్డర్ సెర్హియో బుస్కెట్స్ వీడియోలు చూసి నేర్చుకుందామని కూర్చున్న కుర్రాడికి మొదట నిరాశే మిగులుతుంది. మనిషి 1.89 మీటర్ల పొడుగు, సన్నం. పరుగు అంతంతమాత్రం. గోల్స్ సంగతి సరేసరి. అయినా 2008 నుంచి 2023 దాకా బార్సిలోనాకు 722 మ్యాచ్‌లు, స్పెయిన్‌కు 143 మ్యాచ్‌లు ఆడాడు. 2010 ప్రపంచకప్, 2012 యూరో, మూడు ఛాంపియన్స్ లీగ్‌లు, తొమ్మిది లా లిగాలు గెలిచాడు. చివర్లో ఇంటర్ మయామికి ఆడి 2025 సీజన్‌తో ఆట ముగించాడు. కాళ్లలో లేని వేగాన్ని అతను మెడలో పెట్టుకున్నాడు. ఆ మెడ పని ఎవరైనా సాధన చేయొచ్చు.

ముందు చూడటం నేర్చుకోవాలి. హైలైట్స్ వద్దు, వాటిలో అతను కనిపించడు. 2010-11 సీజన్‌లోని ఏదైనా పూర్తి మ్యాచ్ పెట్టి, పదిహేను నిమిషాలు బంతిని వదిలేసి అతన్నే చూడండి. తనకు పాస్ వచ్చే ముందు తల ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి తిప్పాడో కాగితం మీద గీతలు పెట్టుకోండి. తర్వాత మీ ఆటను ఫోన్లో తీయించుకుని అదే లెక్క వేయండి. తేడా మీకే తెలుస్తుంది.

మెడ సాధనకు ముగ్గురు కావాలి. పాస్ ఇచ్చేవాడు మీకు ఎదురుగా 8 మీటర్లలో, ఇంకొకడు మీ వెనక 8 మీటర్లలో నిలబడాలి. ఎదుటివాడు బంతిని సర్దుకుంటున్నప్పుడు ఒకసారి వెనక్కి చూడండి. బంతి అతని కాలు వదలగానే ఇంకోసారి చూడండి. వెనకవాడు ఈ రెండు చూపుల మధ్య వేళ్ల సంఖ్య మారుస్తాడు. రెండో సంఖ్యను బంతి మీ కాలికి తగిలేలోపు పైకి చెప్పాలి. పది పాస్‌లకు ఒక విడత, నాలుగు విడతలు చాలు. ఇందులో అందరూ చేసే తప్పు ఆలస్యంగా చూడటం. బంతి చివరి రెండు మీటర్లకు వచ్చాక కళ్లు దాని మీదే ఉండాలి. అప్పుడు తల తిప్పితే బంతి బూటుకు తగిలి ఎగిరిపోతుంది. ఇంకో తప్పు మొక్కుబడి చూపు: తల తిరుగుతుంది, కళ్లు మాత్రం ఏమీ తెచ్చుకోవు. వేళ్లు లెక్కపెట్టమనేది అందుకే.

తర్వాత ఒంటి కోణం. పాస్ ఇచ్చేవాడికి ఛాతీ పూర్తిగా చూపిస్తూ నిలబడితే మైదానంలో సగం మీ వీపు వెనకే ఉండిపోతుంది. ఎడమ సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు మధ్యలో ఆడే ఇద్దరు డిఫెండర్లలో ఎడమవైపు వాడు, మీకు పాస్ ఇస్తున్నాడనుకోండి. సగం పక్కకు తిరిగి, బంతిని ఒంటి ముందు నుంచి దొర్లనిచ్చి, దూరంగా ఉన్న కుడి కాలి లోపలి వైపుతో అందుకోండి. ఆ ఒక్క స్పర్శతోనే మీ ముఖం కుడి వింగ్ వైపు తిరిగిపోతుంది. అయితే మార్కర్, అంటే మిమ్మల్ని కాపలా కాసే ప్రత్యర్థి, వీపుకు అంటుకుని ఉంటే ఇది చేయకూడదు. అప్పుడు దగ్గరి కాలితో ఒక్క టచ్‌లో వెనక్కి ఇచ్చేసి, రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ అడగండి. ఈ రెండింటిలో ఏది చేయాలో ఇందాకటి రెండో చూపే చెబుతుంది.

అతని పేరు చెప్పగానే గుర్తొచ్చేది అరికాలి లాగుడు. బంతి కుడి కాలికి కాస్త ముందు ఉండాలి. పాస్ కొట్టబోతున్నట్టు కాలు వెనక్కి ఎత్తాలి. ప్రత్యర్థి ఆ పాస్‌ను ఆపడానికి కాలు చాచి, బరువంతా దాని మీద వేసిన క్షణంలో బూటు అడుగుతో బంతిని మీ వైపుకు లాగి, ఎడమ కాలి లోపలి వైపుతో అతని ఖాళీ పక్కకు తోసేయాలి. తొందరపడితే అతను కాలు చాచడు, లాగిన బంతిని తీరిగ్గా వచ్చి తీసుకుపోతాడు. నిలబడ్డ మోకాలు వంచకపోతే మీరే వెనక్కి పడతారు. తడిసిన టర్ఫ్ మీద అరికాలు జారుతుంది, అక్కడ మానేయడమే మేలు.

ఏమీ చేయకపోవడం కూడా అతని విద్యే. స్పానిష్‌లో దాన్ని లా పౌసా, అంటే విరామం, అంటారు. 2011 ఏప్రిల్ 27న రియల్ మాడ్రిడ్ మైదానం బెర్నబ్యూలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో మెస్సీ రెండో గోల్ చూడండి. మెస్సీ బంతిని ఇస్తే బుస్కెట్స్ దాన్ని కాలి దగ్గర ఆపి అక్కడే ఉంచాడు, అంతే. మెస్సీ పరుగున వచ్చి ఆ బంతినే తీసుకుని రియల్ మాడ్రిడ్ డిఫెన్స్‌ను చీల్చుకుంటూ వెళ్లి గోల్ కొట్టాడు. కొత్తవాళ్లు ఇలాంటి చోట హడావిడిగా ఎటో ఒకవైపు పాస్ కొట్టేస్తారు.

సెంటర్ బ్యాక్‌ల మధ్యకు దిగాలా వద్దా అనేది ప్రత్యర్థి ఫార్వర్డ్‌లను లెక్కపెట్టి తేల్చుకోండి. ఇద్దరు మీద పడుతుంటే దిగండి, మీవాళ్లు ముగ్గురవుతారు. ఒక్కడే ఉంటే దిగడం దండగ, మిడ్‌ఫీల్డ్‌లో మనిషి తగ్గిపోతాడు. ఈ దిగుడుకు అర్జెంటీనాకు చెందిన కోచ్ రికార్డో లా వోల్పే పేరు మీద సాలిదా లావోల్పియానా అనే పేరుంది.

డిఫెన్స్‌లో వెంటపడి పరిగెత్తకండి. మీరు వదిలిన చోటే కదా వాళ్లకు కావాల్సింది! బంతికీ, మీ వెనకున్న వాళ్ల ఆటగాడికీ మధ్య గీతలో నిలబడండి. ప్రత్యర్థి టచ్ పొడుగై బంతి అతని కాలికి దూరమైనప్పుడే దాన్ని బొటనవేలితో పొడవండి. ఇక 2010లో ఇంటర్ మిలాన్‌తో మ్యాచ్‌లో వాళ్ల ఆటగాడు తియాగో మోట్టాకు రెడ్ కార్డ్ పడ్డప్పుడు, బుస్కెట్స్ నేల మీద పడి వేళ్ల సందుల్లోంచి తొంగి చూసిన విద్య ఒకటుంది. అది మాత్రం నేర్చుకోనక్కర్లేదు.

ఇవన్నీ కలిసేది రోండోలో, అంటే డిఫెండర్లకు చిక్కకుండా చిన్న గడిలో పాస్‌లు ఇచ్చుకునే సాధనలో. 10 మీటర్ల చదరపు గడి గీయండి. బాక్స్ క్రికెట్ టర్ఫ్ అయితే నెట్ దగ్గర వద్దు, బంతి తగిలి తిరిగొచ్చేస్తుంది. టర్ఫ్ నడిమధ్యన గీసి, గడి మూలలకు గుర్తుగా కోన్‌లు గానీ చెప్పులు గానీ పెట్టుకోండి. నాలుగు వైపులా నలుగురు, మధ్యలో మీరు, ఇద్దరు డిఫెండర్లు. మీకు రెండు టచ్‌లే. మామూలు పాస్‌లకు పాయింట్ లేదు. ఒక వైపు నుంచి అందుకుని దాని ఎదుటి వైపుకు పంపితేనే ఒకటి. రెండు నిమిషాల ఆట, ఒక నిమిషం విశ్రాంతి, ఇలా ఆరుసార్లు. మీకు బంతి రావడం లేదంటే డిఫెండర్ నీడలో దాక్కున్నారన్నమాట. బంతి వైపు పరిగెత్తకుండా రెండడుగులు పక్కకు జరగండి, పాస్ ఇచ్చేవాడికి మీ రెండు కాళ్లూ కనబడాలి. ఐదు పాస్‌లు కూడా సాగకపోతే గడిని 12 మీటర్లు చేయండి. విడతకు ఆరేడు పాయింట్లు తేలిగ్గా వస్తున్నాయంటే 8 మీటర్లకు కుదించి, మీ టచ్‌లను ఒకటికి తగ్గించండి.