లిక్విడ్ ఇంజిన్ ముట్టించే ముందు

మొన్న ఒక వీడియో మా గ్రూపులోకి వచ్చింది. కాలేజీ కుర్రాళ్లు షెడ్డు వెనక చిన్న లిక్విడ్ ఇంజిన్, అంటే ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజిన్, బిగించారు. వాల్వ్ తిప్పారు, ఇగ్నైటర్ (ఇంధనానికి మంట పెట్టేది) అంటుకోలేదు. ఒకడు వంగి నాజిల్‌లోకి (మంట బయటికొచ్చే మూతిలోకి) తొంగి చూశాడు. వాడు పక్కకు జరిగాడో లేదో, ఇంకొకడు మళ్లీ బటన్ నొక్కాడు. ఢాం! కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకైతే చెమటలు పట్టాయి.

కళ్లద్దాలు, గ్లవ్స్, ఇసుక బకెట్ల గురించి మీకు చెప్పక్కర్లేదు.

మంట సంగతి

చాంబర్‌లో, అంటే ఇంధనం మండే గదిలో, ముందు మంట ఉండాలి, ఇంధనం ఆ తర్వాతే రావాలి. ఈ వరస తప్పితే, మంట అంటుకునేలోపు చేరిన ఇంధనం, ఆక్సిజన్ కలిసి పేలుడు మందైపోతాయి. క్షణం ఆలస్యమైనా చాలు. దీన్నే హార్డ్ స్టార్ట్ అంటారు.

1932 డిసెంబరు 21 రాత్రి బెర్లిన్ దగ్గర కుమ్మర్స్‌డోర్ఫ్‌లో జరిగింది ఇదే. జర్మన్ రాకెట్ ఇంజినీరు వాన్ బ్రౌన్ 12 అడుగుల కర్ర చివర మండుతున్న పెట్రోలు డబ్బా కట్టి నాజిల్ కిందికి చాపాడు. అప్పటికే ఆల్కహాలు, లిక్విడ్ ఆక్సిజన్ బయటికొచ్చి కలిసిపోయాయి. టెస్ట్ స్టాండ్ తుక్కయింది, మనుషులు బతికిపోయారు. రెండేళ్లు తిరక్కుండా, 1934 జూలైలో, అక్కడే కుర్ట్ వామ్కె అనే పరిశోధకుడు గాఢ హైడ్రోజన్ పెరాక్సైడ్‌నీ ఆల్కహాల్‌నీ ఏకంగా ఒకే ట్యాంకులో కలిపాడు. మంట పైపులోంచి వెనక్కి ట్యాంకులోకి పాకింది. ఆయనతో కలిపి ముగ్గురు పోయారు.

1926లో అమెరికా శాస్త్రవేత్త గొడార్డ్ మొదటి లిక్విడ్ రాకెట్‌ను కూడా కర్రకు కట్టిన బ్లోటార్చ్‌తోనే ముట్టించారు కదా అంటారేమో. ఆయన కాలం వేరు. మీకు రిలే, అంటే దూరం నుంచి కరెంటుతో నడిపే స్విచ్, చవగ్గా దొరుకుతుంది.

ఆక్సిజన్ సంగతి

ఆక్సిజన్ ప్లాంటులో కొన్నేళ్లు పనిచేశాను. గ్రీజు చేత్తో ఆక్సిజన్ రెగ్యులేటర్ (ప్రెషర్ తగ్గించే పరికరం) బిగించిన ఫిట్టర్‌కి మోచేతి దాకా కాలడం కళ్లారా చూశాను. అక్కడ నిప్పురవ్వ కూడా లేదు. ఆక్సిజన్ తగిలితే నూనె, గ్రీజు, తారు ఏదైనా ఒకటే, అంటుకోవచ్చు. తారు రోడ్డు మీద లిక్విడ్ ఆక్సిజన్ ఒలికితే, దాని మీద కాలేసినా పేలవచ్చు. కాబట్టి టెస్టు కాంక్రీటు మీదే. రెండు మూసిన వాల్వుల మధ్య పైపులో ద్రవం మిగలనివ్వొద్దు. మైనస్ 183 డిగ్రీల ద్రవం వేడెక్కితే 800 రెట్లకు పైగా ఉబ్బుతుంది. అందుకే అలాంటి ప్రతి పైపు ముక్కకీ రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ పెరిగితే దానంతటదే తెరుచుకునేది) ఉండాలి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో:

ఇగ్నైటర్ మీద సన్నటి తీగ కట్టండి. అది కాలి తెగితేనే వాల్వుకి కరెంటు వెళ్లాలి. ముందు మంట.

అంటుకోకపోతే మళ్లీ బటన్ నొక్కొద్దు. వాల్వులు మూసి, నైట్రోజన్‌తో చాంబర్ ఊది, ఆగండి. దగ్గరికి వెళ్లొద్దు.

1936లో అమెరికాలోని పాసడీనా వాగులో ఫ్రాంక్ మలీనా అనే రాకెట్ ఇంజినీరు బృందం టెస్టు చేస్తుంటే ఆక్సిజన్ గొట్టం అంటుకుని పాములా నేలంతా తిరిగింది. అందరూ పరుగో పరుగు. గొట్టాన్ని రెండు చివర్లా గట్టిగా కట్టేయండి.

ఇంజిన్ పక్కన నిలబడొద్దు. 1930 మేలో రాకెట్ ప్రయోగాలు చేసే మాక్స్ వాలియర్ అలా నిలబడే పోయాడు. ఇంజిన్ పేలి ఒక్క ముక్క గుండె దగ్గరి రక్తనాళాన్ని కోసింది. 35 ఏళ్లు.

ఆక్సిజన్ పట్టిన బట్టలు అరగంట గాలికి ఆరాలి. సిగరెట్ తర్వాత.

ఇంధనాన్నీ ఆక్సిడైజర్‌నీ (దాన్ని మండించే ఆక్సిజన్, పెరాక్సైడ్ లాంటివి) ఒకే ట్యాంకులో కలపొద్దు. కొంచెం కూడా వద్దు. చూద్దామని కూడా వద్దు.

ఇంధనం వాల్వ్ తెరిచాక మంట వెతుక్కోవద్దు. ముందు మంట!

కంట్రోల్ ప్యానెల్ తాళంచెవి ఒక్కరి జేబులోనే ఉండాలి. అతను ఇంజిన్‌కి అడ్డంగా ఉన్న గోడ దాటి ఇవతలికి వచ్చేదాకా ప్యానెల్‌కి కరెంటు ఉండకూడదు.

వీడియో తీసేవాడు కూడా గోడ వెనకే. ఫోన్ పోతే పోనివ్వండి.